తుప్పు బాబాయ్ బొటనవేలు

మా ఊళ్ళో మనిషి పోతే ముందు డాక్టరుకు తెలుస్తుంది, తర్వాత నాకు తెలుస్తుంది. చుట్టాలది మూడో స్థానం. నరసరావుపేటలో పల్నాడు రోడ్డు పక్క సందులో నాది ఫ్లెక్సీల షాపు. పుట్టినరోజు, ఓణీల ఫంక్షను, కన్నీటి నివాళి, నాకు అన్నీ ఒకటే కొలత: ఆరు బై నాలుగు. నవ్వే మొహం ఒకటి పంపిస్తే చాలు, చుట్టూ బెలూన్లు వెయ్యాలో దీపాలు వెయ్యాలో నేను చూసుకుంటాను.

తుప్పు బాబాయ్ విషయంలో మాత్రం డాక్టరు కన్నా ముందు నాకే తెలిసింది.

పోయిన నెల, మిట్టమధ్యాహ్నం. పాత మిషన్లు బాగుచేసే ఆయన షెడ్డు నా షాపును ఆనుకునే ఉంటుంది, మధ్యలో ఒక రేకు గోడ. అవతల సాన పట్టే గ్రైండర్ తిరుగుతోంది. రోజూ తిరిగేదే. రాయికి ఇనుము తగిలితే కీచుమంటుంది, తీస్తే గుయ్యిమంటుంది. ఆ రెండూ మార్చి మార్చి వినపడుతుంటే పని జరుగుతున్నట్టు. ఆ రోజు అరగంట సేపు ఒకటే గుయ్యి. నేను ఎవరో చోటా నాయకుడి మీసం నల్లగా చేసే పనిలో ఉండి ఆ సంగతి ఆలస్యంగా గమనించాను. వెళ్ళి చూస్తే ఆయన స్టూలు మీద కూర్చుని, గోడకు ఆనుకుని, రాయి వైపే చూస్తున్నాడు. చేతిలో ఉలి అలాగే ఉంది. ఉలికీ రాయికీ మధ్య బెత్తెడు దూరం. ఆ బెత్తెడే ఆయన దాటలేకపోయాడు.

గ్రైండర్ ఆపాను. ఆపాక గానీ నేనేం చేశానో నాకు తెలియలేదు. ఎందుకంటే ఆయన తన దగ్గరికి వచ్చిన ప్రతి మిషన్ గురించీ, బతికినంత కాలం, ఒకే ప్రశ్న అడిగాడు.

"దీన్ని చివర ఆపింది ఎవరు?"

ఆయన గ్రైండర్‌కు ఆ జవాబు నేనే.

మర్నాడు మెకానిక్కుల సంఘం పెద్ద వచ్చి ఫ్లెక్సీ కావాలన్నాడు. ఫొటో పంపమన్నాను. లేదన్నాడు. బజారులో ముప్పై ఫోన్లు వెతికించాం. అందరి దగ్గరా ఆయన బాగుచేసిన మిషన్ల ఫొటోలు ఉన్నాయి. ప్రతి దాంట్లోనూ ఒక మూల ఆయన చెయ్యి ఉంది. చేతి పైన మోచేయి, ఆ పైన ఏమీ లేదు. పాతికేళ్ళు మా మధ్య తిరిగిన మనిషి మోచేతి దాకానే ఫొటోలో పడ్డాడు. ఆధార్ ఫొటో ఒకటుంది గానీ, దాన్ని ఆరు బై నాలుగు చేస్తే పోయినాయన లేచి వచ్చి మరీ కొడతాడు. వాళ్ళావిడను, నేను పిన్ని అంటాను, అడిగితే "మొహం వద్దులే నాయనా, మాలో అట్టా పెట్టుకోరు. చేతులుంటే చాలు" అంది.

నా ఫోన్‌లో ఒక ఫొటో ఉంది. తుప్పు పట్టిన పాత రంపం మిషన్, దాని మీద ఆయన కుడి చెయ్యి. బొటనవేలు ఒకచోట అదిమి ఉంది. ఫొటో చాలా బాగా వచ్చింది. ఫ్లెక్సీకి అదే వాడాను. నేను చేసిన తప్పు అదే, కానీ దానికి ముందు ఆయన గురించి చెప్పాలి.

అసలు పేరు షెడ్డు బోర్డు మీద ఉండేది. ఆ బోర్డు తుప్పు పట్టి పేరును మింగేసింది. జిల్లాలో ఉన్న తుప్పంతా తీసే మనిషి తన బోర్డు జోలికి పోలేదు. అడిగితే "నన్ను వెతుక్కుంటా వచ్చేవాడికి బోర్డు ఎందుకు? రానోడికి అసలెందుకు?" అనేవాడు. నన్ను ఎప్పుడూ పేరు పెట్టి పిలవలేదు. "ఏందిరా ఫ్లెక్సీ" అనేవాడు. ఆ లెక్కన ఇద్దరం ఇద్దరమే.

కొత్త మిషన్ రాగానే తుప్పును వేలితో రాసి, వాసన చూసి, నాలుక కొసకు తగిలించేవాడు. కళ్ళు మూసుకుని కాసేపు ఆగేవాడు. "బోరు నీళ్ళ తుప్పు ఇది. కాలవది కాదు. అచ్చంపేట వైపుదా?" అవతలి రైతు నోరు తెరిచేవాడు. నేను గడప మీద నుంచి "బాబాయ్, మోటారు మీద ఊరి పేరు పెయింటుతో రాసే ఉంది" అనేవాణ్ణి. "అది తర్వాత చూశాలేరా" అనేవాడు, ఏమీ అనుకోకుండా. నేను తీసిన గాలికి ఆయన ఎప్పుడూ కుంగలేదు. అదే నాకు కాస్త భయంగా ఉండేది.

తర్వాత ఆ ప్రశ్న.

"ఎవురూ ఆపలా సాయిబు గారూ, ఆగిపోయింది."

"ఆగిపోయిందా, ఆపారా? రెండూ ఒకటి కాదు. ఆపినోడు మళ్ళీ నడుపుదామనే ఆపుతాడు. ఆగిపోతే అది దాని ఇష్టం."

ఆపినవాడే మళ్ళీ స్టార్ట్ చెయ్యాలి. ఆయన పెట్టుకున్న కట్టుబాటు అది. ఆపినవాడు లేకపోతే వాడి ఇంటి మనిషి వచ్చి పిడి మీద చెయ్యి వేసి నిలబడాలి, తాడు ఈయన లాగుతాడు. ఆయిల్ ఇంజన్‌కు అదే, కుట్టు మిషన్‌కు అదే. ఒకావిడ పోయిన అత్తగారి మిక్సీ తెచ్చింది. చెయ్యి వెయ్యమంటే "ఉన్నప్పుడే ముట్టుకోనిచ్చేది కాదన్నా" అని వణికిపోతూ వేసింది. మిక్సీ గిర్రుమంది. ఆవిడ కెవ్వుమంది. బాబాయ్ తల ఊపి "ఒప్పుకుంది" అన్నాడు.

"ప్లగ్గు పెట్టి స్విచ్ వేశాం గదా బాబాయ్, ఒప్పుకోక ఏం చేసుద్ది?" అన్నాను.

షెడ్డు వెనక గోడకు అరలు ఉండేవి. అరల నిండా మూత పెట్టిన పచ్చడి సీసాలు. ఒక్కోదాంట్లో ఒక్కో రంగు పొడి: ఎండుకారం రంగు, పాతబెల్లం రంగు, కాఫీ రంగు. కొత్తగా వచ్చినవాళ్ళు మిరప యార్డు శాంపిళ్ళు అనుకునేవాళ్ళు. ఒకాయన వేలు ముంచి రుచి కూడా చూశాడు. ఘాటు లేదన్నాడు. అవన్నీ గీకిన తుప్పు. ప్రతి సీసా మీద కాగితం అంటించి, మిషన్ పేరు కాదు, దాన్ని చివర ఆపిన మనిషి పేరు రాసేవాడు.

"దీన్ని దాచుకోవటం ఏంది బాబాయ్?"

"ఆళ్ళ చెయ్యి తగిలిన పైపొర ఇదేరా. ఇప్పుడు తళతళలాడేది లోపలి ఇనుము, దాన్ని ఎవురూ ముట్టుకోలా. పారేస్తే ఏది పారేసినట్టు?"

మధ్యాహ్నం పూట ఎండ రేకుల సందుల్లోంచి పడి ఆ సీసాల మీదుగా మెల్లగా జరిగేది. ఒక్కో పేరు వెలిగి, ఆరిపోయేది. హాజరు పిలుస్తున్నట్టు ఉండేది. నేను "ప్రెజెంట్ సార్" అనేవాణ్ణి. ఆయన నవ్వేవాడు కాదు.

ఒకసారి వెల్దుర్తి నుంచి ఒకామె మిరప తోటకు మందు కొట్టే పంపు తెచ్చింది. పంపులో చుక్క మందు లేకపోయినా పమిట నోటికి అడ్డం పెట్టుకునే ఉంది. ఆ ఒక్కసారే ఆయన ప్రశ్న అడగలేదు. "కూచో తల్లీ, ముందు నీళ్ళు తాగు" అన్నాడు. ఆ సీసా మూతకు గుడ్డ కట్టి, అరలో అన్నిటికన్నా పైన పెట్టాడు. దాని మీద నేను జోకు వెయ్యలేదు. వెయ్యబుద్ధి కాలేదు. నాకది కొత్త.

నిరుడు ఎండాకాలం మా అత్త నాదెండ్ల నుంచి వచ్చింది. మా అమ్మ తమ్ముడి భార్య. ఆటోలోంచి ఒక గోనెసంచి మూటను పసిబిడ్డను దించినట్టు దించింది. అందులో ఉంది మా మామ రంపం మిషన్. మామ చెట్లు కోసేవాడు. కలప అడితి వాళ్ళ దగ్గర కొన్నాడు దాన్ని, అప్పటికే అది ఆయన వయసుది. అప్పటికి పదమూడేళ్ళ కిందట రోడ్డు వెడల్పు చేసేటప్పుడు ఒక చింతచెట్టు కోస్తూ దాని కిందే పోయాడు. క్రేను వచ్చి మాను లేపాక, కింద మట్టిలో కూరుకుపోయిన మిషన్‌ను అత్తే తవ్వి తీసి, సంచిలో చుట్టి, మేకల కొట్టంలో పైన పెట్టింది. మళ్ళీ విప్పలేదు. ఇంకొకళ్ళను ముట్టుకోనివ్వలేదు.

మా ఇంట్లో అందరికీ తెలిసి, ఎవరూ మాట్లాడని సంగతి ఇంకొకటి ఉంది. చెట్టు పడిన ఆ నిమిషంలోనే అత్త మామకు ఫోన్ చేసింది. వచ్చేటప్పుడు టమాటాలు తెమ్మని. ఆయన ఎత్తలేదు. ఆ రోజు నుంచి అత్త ఎవరికీ ఫోన్ చెయ్యలేదు. మనం చేస్తే ఎత్తేది. తనకు జ్వరమొచ్చినా పక్కింటికి నడిచి వెళ్ళి చెప్పించేది గానీ, తనంత తాను ఒక్క నంబరు నొక్కేది కాదు.

"ఇది బాగుచెయ్యక్కర్లా అన్నా," అంది బాబాయ్‌తో. "నువ్వు తుప్పును చూసి చెప్తావంట గదా. ఇది మోగతా ఉండంగనే చెట్టు పడిందా, ఆయన ఆపినాక పడిందా? ఆ ఒక్క ముక్క చెప్పు. మోగతా ఉంటే నా ఫోను ఆయనకి తెలవనే తెలవదు. ఆపాడంటే, ఫోను చూడటానికే ఆపాడు. తల దించాడు. అప్పుడు చంపింది చెట్టు కాదు."

"అత్తా, టమాటాల కోసం ఎవరన్నా..." అని మొదలుపెట్టాను.

"నువ్వు నోరు ముయ్యి అల్లుడూ."

మూశాను.

బాబాయ్ మూట వైపు చూడలేదు, అత్త వైపు చూశాడు. "ఏదొచ్చినా తట్టుకుంటావా చెల్లెమ్మా?"

"తెలవకనే తట్టుకోలేకపోతన్నా."

మర్నాడు మధ్యాహ్నం మూట విప్పాడు. సందులో కుక్క కూడా లేని ఎండ. కరెంటు లేదు, జనరేటర్‌లో పెట్రోలు లేదు, పని లేక స్టూలు వేసుకుని కూర్చున్నాను. మట్టి, తుప్పు, మేకల పెంట కలిసి మిషన్ ఒక గోధుమరంగు గడ్డలా ఉంది. రంపపు గొలుసు బిగుసుకుపోయి, తను తిరిగే పట్టీని ఎండిన పాము లాగా కరుచుకుని ఉంది. ఆయన కిరసనాయిలు చుక్కలు చుక్కలుగా పోసి, ఆగి, మళ్ళీ పోసి, పిడి దగ్గర ఉన్న మట్టిని పుల్లతో రాల్చాడు. పిడి అంటే వంచిన ఇనప గొట్టం. దాని మీద చాలాసేపు వేళ్ళతో తడిమాడు.

"చెయ్యి పట్టిన చోట తుప్పు పల్చగా పడుద్ది. చెమట, నూనె ఇంకి ఉంటయి గదా. ఇదిగో మూడు వేళ్ళు. నాలుగోది తగల్లా. మీ మామ చిటికెన వేలు ముడిచేవాడు కాదా?"

మామ చిటికెన వేలు చిన్నప్పుడు కబడ్డీలో విరిగి, కర్రలా బిగుసుకుపోయింది. నేను ఆయనకు చెప్పలేదు. అత్త చెప్పి ఉంటుందిలే అనుకున్నాను. తర్వాత అత్తను అడిగాను. చెప్పలేదంది.

స్విచ్ దగ్గరికి వచ్చాడు. పాత మిషన్ గనక వేలెడంత రేకు, దాని మీద అటూ ఇటూ జరిగే చిన్న ఇనప మీట. అటు జరిపితే నడుస్తుంది, ఇటు జరిపితే ఆగుతుంది. పైనుంచి చూస్తే మీట ఎటుందో తెలియడం లేదు. తుప్పు పొంగి రేకూ మీటా ఒకే ముద్ద అయ్యాయి. సుత్తితో కాదు, పానా పిడితో, పిల్లి తలను నిమిరినట్టు తట్టాడు. నాలుగోసారికి మీట పొరలుపొరలుగా రాలిపోయింది.

రేకు మీద మీట కూర్చున్న మేర తెల్లగా ఉంది. పదమూడేళ్ళూ మీట కప్పి కాపాడింది ఆ చోటును. మిగతా రేకంతా ఎర్రగా తినేసి ఉంది. వానలో నేల మీద పడుకున్న మనిషి లేస్తే మిగిలిన పొడి అచ్చులాగా.

బాబాయ్ రేకు నా వైపు తిప్పాడు. "నేను చదివితే జోస్యం అంటావు. నువ్వే చదువు. తెల్లగా ఉంది ఏ వైపు?"

చూశాను. జోకు ఏదన్నా తగులుతుందేమోనని మళ్ళీ చూశాను.

"ఆపు వైపు."

ఆయన గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. తర్వాత, ప్రతి పనికీ ముందు నేను తీసే మామూలు ఫొటో తియ్యమన్నాడు. మిషన్ మీద చెయ్యి పెట్టాడు.

"బాబాయ్, బొటనవేలు స్విచ్‌కు అడ్డమొచ్చింది."

"తెలుసు. తియ్."

మూడు వారాలు పట్టింది. విడిభాగాలన్నీ పులిసిన బెల్లం నీళ్ళ తొట్లో వేశాడు, ఆ రేకు తప్ప. తుప్పును బెల్లం నీళ్ళు తింటాయి, ఇనుమును వదిలేస్తాయి. పగటిపూట ఎండకు ఆ తొట్టి గుడగుడమని బుడగలు వదిలేది. రేకు గోడకు ఇవతల కూర్చుంటే, మా మామ భోజనం చేసి పడుకున్నప్పటి గురక లాగే వినపడేది. అంత బెల్లం ఉన్నా దాని దగ్గరికి ఒక్క చీమ రాలేదు. కిరసనాయిలు వాసనకు రావులే అని ఆయనకు చెప్పాను. నాకూ చెప్పుకున్నాను.

రోజూ ఒక భాగాన్ని తీసి, తీగ బ్రష్‌తో రుద్ది, సోడా నీళ్ళలో కడిగి, నూనె గుడ్డతో తుడిచేవాడు. ఇనుము నెమ్మదిగా తన రంగుకు వచ్చేది, కానీ నునుపుగా కాదు. గుంటలు గుంటలుగా. ఒక గుంట మీద నా వేలు పెట్టించి "తుప్పు తియ్యొచ్చురా ఫ్లెక్సీ. అది తిన్నది మాత్రం తిరిగి రాదు" అన్నాడు. వంగిన పట్టీ బదులు ఇంకోటి వేశాడు. స్విచ్‌కు కొత్త రేకు, కొత్త మీట కత్తిరించి బిగించాడు. పాత రేకు ఎక్కడ పెట్టాడో నేను అడగలేదు.

అత్త వచ్చింది. బల్ల మీద మిషన్‌ను చూసి రెండడుగులు వెనక్కి వేసింది.

"మోగతానే ఉందమ్మా," అన్నాడు బాబాయ్. "మీట నడుపు వైపే ఉంది. చెట్టు మీద పడ్డాకనే ఆగింది. ఈ అబ్బాయి కూడా చూశాడు."

అత్త నా వైపు తిరిగింది. నేను చెప్పిన ఏ మాటనూ ఎవరూ నమ్మని పేరును ఇన్నేళ్ళుగా నేనే కట్టుదిట్టంగా పెంచుకున్నాను. ఆ రోజు అది నాకు అడ్డం వచ్చింది.

"చూశానత్తా. నడుపు వైపే."

"ఎగతాళా?"

"కాదు."

ఆమె అంది: "మోగతా ఉన్నా సరే, జేబులో ఫోను వణుకుద్ది గదా. అది తెలవదా?"

ఈ ప్రశ్న మా ఇద్దరికీ తట్టలేదు. మూడు వారాలు ఇనుమును గురించి ఆలోచించాం, ఆమె పదమూడేళ్ళు దీన్ని గురించే ఆలోచించింది.

"చూద్దాం," అన్నాడు బాబాయ్. "రా ఫ్లెక్సీ. ఫోను చొక్కా జేబులో పెట్టుకో. మిషన్ పట్టుకో. చెల్లెమ్మా, నువ్వు ఒక చెయ్యి పిడి మీద వెయ్యి. ఇంకో చేత్తో ఈడికి ఫోను చెయ్యి."

రెండోసారి తాడు లాగేసరికి అంటుకుంది. పొగ, మోత, చేతుల్లోంచి పళ్ళ దాకా వణుకు. వెనక అరల్లో సీసాలన్నీ ఒకేసారి గలగలమనడం మొదలుపెట్టాయి. అత్త బొటనవేలు ఫోను మీద ఆడుతోంది. పదమూడేళ్ళలో తను చేసే మొదటి ఫోను. నొక్కలేకపోతోంది. కళ్ళు మూసుకుని నొక్కింది.

నా గుండె పక్కన ఎవరో వేలితో తట్టారు.

అంత మోతలో, అంత వణుకులో, ఆ వణుకు వేరుగా తెలిసింది. ఒకటి. రెండు. మూడు. చెయ్యి తనంత తానే స్విచ్ వైపు పోబోయింది, ఆపుకున్నాను. బాబాయ్ నన్నే చూస్తున్నాడు. నేను సీసాలను చూస్తున్నాను. తొమ్మిదిసార్లు తట్టి, అది ఆగిపోయింది. ఆయన మీట జరిపి మిషన్ ఆపాడు.

"తెలిసిందా?"

"ఏంది?"

"ఫోను."

"చేశావా అత్తా? ఎప్పుడు?"

నా జీవితంలో అంత బాగా నేను ఎప్పుడూ నటించలేదు. అత్త ఆ నేల మీదే, నూనె మరకల్లో, కూలబడింది. ఏడుస్తుందనుకున్నాం. "ఆ రోజు ఇంట్లో టమాటాలు ఉన్నయి అల్లుడూ. రెండు ఉన్నయి. చూసుకోలా," అని నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు చాలాసేపు ఆగలేదు.

ఆమె వెళ్ళాక బాబాయ్ చేతులు కడుక్కుంటూ అన్నాడు, "ఇన్నేళ్ళలో మిషన్లకు అబద్ధం చెప్పలారా."

"మిషన్‌కు ఏడ చెప్పాం బాబాయ్? అత్తకు గదా."

"అదీ వింటానే ఉంది గదా."

ఆ మిషన్ మళ్ళీ స్టార్ట్ కాలేదు. ప్లగ్గు మార్చాడు, పెట్రోలు మార్చాడు, నిప్పురవ్వ వస్తోంది, అయినా అంటుకోలేదు. కార్బొరేటర్‌లో చెత్త ఉంటుందన్నాను. "అయ్యుండొచ్చు" అన్నాడు. కార్బొరేటర్ విప్పి మాత్రం చూడలేదు.

అత్త అప్పట్నుంచి రోజూ ఫోన్ చేస్తుంది. తిన్నావా, ఎండన తిరగమాక, మేక ఈనింది, రెండు పిల్లలు. బ్యాలెన్సు అయిపోయేదాకా మాట్లాడుతుంది. మా అమ్మకు, మా చెల్లెలికి, బంధువుల్లో ఎప్పుడో తగువులాడి వదిలేసినవాళ్ళకు కూడా. పదమూడేళ్ళ మాటలు మిగిలి ఉన్నాయి మరి. నేను మాత్రం ఒక జాగ్రత్త పెట్టుకున్నాను. జనరేటర్ గానీ ప్రింటింగ్ మిషన్ గానీ నడుస్తున్నప్పుడు అత్త ఫోను ఎత్తను. ఆపాక నేనే చేసి "వినపళ్ళేదత్తా" అంటాను. "వినపడదులే అల్లుడూ, నాకు తెలుసు గదా" అంటుంది. ఆ మాటలో ఎంత నెమ్మది ఉంటుందో చెప్పలేను.

బాబాయ్ పోయిన పది రోజులకు పిన్ని షెడ్డు ఖాళీ చేసింది. సీసాలను పేర్లు చూసి ఎవరివి వాళ్ళకు పంపింది. మామ పేరున్న సీసా నాకిచ్చింది. "గ్రైండర్ నీదే నాయనా. ఆపింది నువ్వంట గదా," అని అదీ నా షాపు ముందు పెట్టించింది. దాన్ని నేనింకా తిప్పలేదు. కరెంటు ఉండటం లేదు అని చెబుతున్నాను.

సీసా ఊపితే లోపల ఏదో టకటకమంది. కాగితం పరిచి పొడి దాని మీదికి వంపాను. రేకు. సగం తెలుపు, సగం ఎరుపు. ఆయన దాన్ని కడగలేదు, పారెయ్యలేదు. చెప్పిన అబద్ధం పక్కనే నిజాన్ని మూతపెట్టి, మూత మీద మామ పేరు రాసి, నాకు వదిలేశాడు.

అదే రోజు అత్త ఫోను: "ఆ సీసా నాకియ్యి అల్లుడూ. మీ మామ ఫొటో పక్కన పెట్టుకుంటా. రేపు వస్తన్నా."

మర్నాడు పొద్దుటి నుంచీ కూర్చున్నాను. నిమ్మకాయ, ఉప్పు, తీగ బ్రష్, గరుకు కాగితం. రెండు గంటలు రుద్దాను. ఎరుపంతా పోయింది, రేకు మొత్తం ఒకటే తెలుపు. వెలుతురుకు పెట్టి చూశాను. ఒక పక్క అద్దంలా నున్నగా, మిగతా అంతా గుంటలు గుంటలుగా ఉంది. కళ్ళు మూసుకుని వేలితో తడిమినా మీట ఎటుందో తెలిసిపోతోంది. చొక్కా జేబులో వేసుకున్నాను. పొడిని సీసాలోకి ఒంపి మూత బిగించాను. ఇంత జాగ్రత్తగా దాచినవాణ్ణి, సంఘం వాళ్ళు నా షాపు గోడకే కట్టించిన ఫ్లెక్సీ సంగతి మర్చిపోయాను.

అత్త వచ్చింది. సీసా తీసుకుంది. తల ఎత్తింది.

ఆరు బై నాలుగులో బాబాయ్ బొటనవేలు గుమ్మడికాయంత ఉంది.

"మీ మామ మిషన్ గదా ఇది," అంది. "విప్పక ముందుదా?"

"అవునత్తా."

దగ్గరికి వెళ్ళి, ఆ వేలి మీద అరచెయ్యి పెట్టింది. పక్కకు జరుపుదామన్నట్టు ఒకసారి రాసింది కూడా. "సరిగ్గా ఈడ అడ్డం పెట్టాడేంది ఆయన?"

"ఫొటోలు దిగటం రాదత్తా ఆయనకి. ఎప్పుడూ అంతే."

ఆమె సీసాను కొంగులో చుట్టుకుంది. సందు చివరి దాకా వెళ్ళడం చూశాను. మెడ తిప్పి మళ్ళీ ఫ్లెక్సీ వైపు చూడటం కూడా చూశాను.

కరెంటు పోయింది. వరండాలో ఉన్న జనరేటర్ తాడు లాగాను. సందంతా దాని మోతే. వంగి పెట్రోలు ట్యాపు సరిచేస్తున్నాను. జేబులో ఫోను వణికింది. ఒట్టి ఫోను అయితే ఊరుకునేవాణ్ణే, అది అలవాటైన పని. కానీ దాని పక్కన రేకు ఉంది. ఫోను వణుకుకు ఆ రేకు టకటకటకమని నా గుండె ఎముక మీద కొట్టుకుంది, లోపల నుంచి ఎవరో తలుపు తడుతున్నట్టు. ఏం చేస్తున్నానో తెలిసేలోపు చెయ్యి జనరేటర్ ఆపేసింది, ఇంకో చెయ్యి ఫోను తీసి చెవి దగ్గర పెట్టింది.

"అత్తా," అన్నాను.

సందులో ఏ చప్పుడూ లేదు. అటు నుంచి ఊపిరి మాత్రం వినపడుతోంది. బస్సు హారను లేదు, ఆటో చప్పుడు లేదు. ఎంతో దూరం పోలేదు ఆమె. మలుపు దగ్గరే నిలబడి ఉంది.

"వినపడిందా అల్లుడూ?"

నా దగ్గర ప్రతి దానికీ ఒక మాట ఉంటుంది. తల దించి చూసుకున్నాను. నా బొటనవేలు ఇంకా స్విచ్ మీదే ఉంది, ఆపు వైపు అదిమి.